మొదటి పేజీ పెట్టేముందు: స్థానిక పత్రికలవారి ప్రశ్నలకు జవాబులు

పట్టణ, మండల స్థాయిలో పత్రికలు నడిపేవారు, వాటిలో డీటీపీ చేసేవారు మొదటి పేజీ గురించి అడిగిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాం. కొలతలు టాబ్లాయిడ్‌కు (మామూలు దినపత్రికలో సగం సైజుది) ఇచ్చాం. అచ్చయ్యే ప్రదేశం 25 సెం.మీ. వెడల్పు, 33 సెం.మీ. ఎత్తు అనుకున్నాం. మీ ప్రెస్ చెప్పే కొలత కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. దాన్ని ప్రెస్‌వారి నోటే విని రాసుకోండి, పాత సంచికను స్కేలు పెట్టి కొలవొద్దు.

ప్రశ్న: వార్తలు వచ్చినవి వచ్చినట్టు ఇన్‌డిజైన్‌లో (పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్) పెట్టుకుంటూ పోతున్నాం. చివరికి ఒక వార్త పట్టదు, లేదంటే ఒక మూల ఖాళీ మిగులుతుంది. రోజూ రాత్రి ఇదే తంటా. పద్ధతి చెప్పండి. (నర్సీపట్నం)

జవాబు: తప్పు మీ ఆపరేటర్‌ది కాదు, వరసది. కంప్యూటర్ ముందు కూర్చునేసరికే మొదటి పేజీ కాగితం మీద పెన్సిల్‌తో తయారై ఉండాలి. దాన్నే డమ్మీ అంటారు. ఏ4 కాగితం మీద ఐదు నిలువు గీతల గడులు ముద్రించి ఒక కట్ట పెట్టుకోండి.

లెక్క ఇలా వేయాలి. 25 సెం.మీ. వెడల్పులో ఐదు కాలమ్‌లు, మధ్యన 0.4 సెం.మీ. చొప్పున నాలుగు ఖాళీలు. ఖాళీలు పోగా 23.4 సెం.మీ. మిగులుతుంది కాబట్టి ఒక్కో కాలమ్ 4.68 సెం.మీ. వస్తుంది. మాస్ట్‌హెడ్ (పైన పత్రిక పేరుండే భాగం), దాని కింద తేదీ గీత కలిపి 5 సెం.మీ. తీసేస్తే ఎత్తు 28 మిగులుతుంది. ఐదు కాలమ్‌లకు మొత్తం 140 కాలమ్ సెంటీమీటర్లు (ఒక కాలమ్ వెడల్పున ఒక సెం.మీ. ఎత్తు ఒకటి). అడుగున 5 సెం.మీ. ఎత్తున పూర్తి వెడల్పు ప్రకటన ఉంటే అది 25 తినేస్తుంది. మీ చేతిలో ఉన్నది 115. ఎన్ని వార్తలొచ్చినా అంతే.

ఇప్పుడు ఆ 115ను పంచండి. ఐదు కాలమ్‌ల బ్యానర్ హెడ్డింగ్‌కు 3 సెం.మీ. ఎత్తు, అంటే 15. దాని కింద ఎడమన మూడు కాలమ్‌ల ఫొటో, క్యాప్షన్‌తో కలిపి 10 సెం.మీ. ఎత్తు, అంటే 30. కుడిపక్క రెండు కాలమ్‌లలో లీడ్, అంటే ఆ రోజు ప్రధాన వార్త, 20. ఆ కింద మిగిలిన 10 సెం.మీ. ఎత్తులో మూడు కాలమ్‌లు సెకండ్ లీడ్‌కు (30), చివరి రెండు కాలమ్‌లు రెండు సింగిల్ కాలమ్ వార్తలకు (20). మొత్తం సరిగ్గా 115. పేజీ మీద నాలుగు వార్తలు, ఒక ఫొటో, ఒక ప్రకటన. టాబ్లాయిడ్ మొదటి పేజీ ఇంతకుమించి మోయలేదు. ఎనిమిది, తొమ్మిది వార్తలు కుక్కితే అన్నీ ఉన్నట్టే ఉంటాయి గానీ చదివేవాడి కన్ను ఎక్కడా ఆగదు.

ఇక పదాల లెక్క. అక్షరం 11 పాయింట్లు, ఒక లైన్ అడుగు నుంచి కింది లైన్ అడుగుకు 13.5 పాయింట్లు పెడితే ఒక సెంటీమీటర్ ఎత్తులో రెండు లైన్లు పడతాయి. ఈ వెడల్పులో తెలుగు మాటలు లైన్‌కు మూడు, నాలుగు పడతాయి. అంటే కాలమ్ సెంటీమీటర్‌కు సుమారు ఏడు మాటలు. ఫాంట్‌ను బట్టి ఇది మారుతుంది కాబట్టి మీ ఫాంట్‌లో వంద మాటల వార్త ఒకటి పెట్టి కొలిచి, ఆ అంకె గోడకు అంటించండి. పై డమ్మీలో లీడ్‌కు దొరికిన 20 కాలమ్ సెంటీమీటర్లలో 140 మాటలు పడతాయి. రిపోర్టర్ 220 పంపితే మిగతా 80 రెండో పేజీకి వెళ్లాలి, లేదా అక్కడే కోతపడాలి. అందుకే డమ్మీ గీశాక మొదటి పని రిపోర్టర్‌కు ఫోన్ చేసి ‘నీకు 140 మాటలే’ అని చెప్పడం. రాశాక కోయడం కంటే రాసేముందు కొలత ఇవ్వడం ఇద్దరికీ తేలిక.

వార్తల కొలత ముందే ఇచ్చినా ఒకటి రెండు లైన్లు తేడా వస్తుంది. దానికోసం మూడు లైన్లు, ఆరు లైన్లు, పది లైన్ల చిన్న వార్తలు సిద్ధంగా ఉంచండి. కరెంటు కోత వేళలు, రైతుబజారు ధరలు, రేపటి గ్రామసభలు లాంటివి. ఖాళీ పూడ్చడానికి లైన్ల మధ్య ఎడం పెంచడం మాత్రం వద్దు. పక్క కాలమ్‌తో లైన్లు కలవక పేజీ వంకరగా కనిపిస్తుంది. బేస్‌లైన్ గ్రిడ్‌ను (అన్ని కాలమ్‌ల లైన్లూ ఒకే వరసలో కూర్చోబెట్టే, అచ్చులో పడని గీతలు) 13.5 పాయింట్లకు పెట్టి బాడీ టెక్స్ట్‌ను దానికి లాక్ చేస్తే ఆ పొరపాటు జరగదు.

ప్రశ్న: లీడ్ ఏది పెట్టాలన్న దగ్గరే రోజూ వాదన. ఎమ్మెల్యే పర్యటన, కలెక్టర్ సమీక్ష, రోడ్డు ప్రమాదం, ఏదో ఒకటి బలవంతంగా లీడ్ చేస్తున్నాం. కొలమానం ఏమైనా ఉందా? (జగిత్యాల)

జవాబు: ఉంది. రేపు పొద్దున లేచాక ఈ వార్త వల్ల ఊళ్లో ఎన్ని ఇళ్లలో పని మారుతుంది? మొదట ఇది అడగండి. పంపుహౌస్‌లో మోటారు కాలిపోయి మూడు వార్డులకు నాలుగు రోజులు నీళ్లు రావంటే, అదే రోజు మంత్రి వచ్చి వెళ్లినా సరే, లీడ్ నీళ్లే. మంత్రి పర్యటన వార్త కాదని కాదు. ఆ పర్యటనలో ఏం మంజూరైంది, ఎంత, ఎప్పటికి అన్నది వార్త. అది పక్కాగా ఉంటే అదీ లీడ్ కావచ్చు. కానీ హెడ్డింగ్ మంజూరైన పని గురించి ఉండాలి, వచ్చినాయన గురించి కాదు.

రెండో ప్రశ్న: ఇది రూఢి అయిందా? ఒక్క నోటి మాట మీద నిలబడిన వార్తను బ్యానర్ చేయకండి. రెండో వైపు వివరణ రాకపోతే దాన్ని లోపలి పేజీకి పంపి, మర్నాటికి బలం చేకూరాక పైకి తేండి.

సమీక్షా సమావేశం ఫొటో, అదే బల్ల, అవే నీళ్ల సీసాలు, అదే బ్యానర్ ఉన్నది, మొదటి పేజీ ప్రధాన ఫొటోగా ఎప్పుడూ వద్దన్నది మా గట్టి అభిప్రాయం. సమావేశంలో మాట్లాడింది చెరువు గురించైతే చెరువు ఫొటో తీయించండి.

మీది వారపత్రిక అయితే మరో సంగతి. మంగళవారం ప్రమాదం బుధవారం దినపత్రికల్లో వచ్చేసింది. ఆదివారం మీరు దాన్నే ‘ప్రమాదంలో ఇద్దరి మృతి’ అని పెడితే ఎవరూ కొనరు. ఆ మలుపు దగ్గర హెచ్చరిక బోర్డు ఉందా, రోడ్డు ఎవరి పరిధిలోది, పరిహారం సంగతి ఏమైంది అన్నవి మీ లీడ్. వారపత్రిక హెడ్డింగ్‌లో ‘ఏమైంది’ కంటే ‘ఎందుకైంది, ఇకపై ఏంటి’ ఉండాలి.

ఏ వార్తకూ లీడ్ బలం లేని రోజులు వస్తాయి. అప్పుడు చిన్న వార్తకు పెద్ద అక్షరాలు తొడిగి నిలబెట్టవద్దు. మంచి ఫొటోను నాలుగు కాలమ్‌లకు పెంచి పైన పెట్టి, వార్తల హెడ్డింగులు మామూలు సైజులోనే ఉంచండి. 72 పాయింట్లు ఏడాదికి నాలుగైదుసార్లు వాడేది. మామూలు రోజు లీడ్‌కు 48 నుంచి 54, సెకండ్ లీడ్‌కు 34 నుంచి 38, సింగిల్ కాలమ్‌కు 20 నుంచి 22 చాలు. రోజూ 72 వాడితే నిజంగా వరద వచ్చిన రోజున మీ దగ్గర పెంచడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: రెండు లైన్ల హెడ్డింగ్ పెడితే పై లైన్ ఒత్తులు కింది లైన్ గుడుల మీద పడుతున్నాయి. ఎడం పెంచితే హెడ్డింగ్ విడిపోయినట్టుంది. (భీమవరం)

జవాబు: ఇంగ్లిష్ పేజీల టెంప్లేట్ తీసుకుని తెలుగు హెడ్డింగ్ పెట్టినవారందరికీ వచ్చే సమస్య ఇది. ఇంగ్లిష్‌లో 50 పాయింట్ల అక్షరానికి 50 పాయింట్ల లీడింగ్ (ఒక లైన్ అడుగు నుంచి కింది లైన్ అడుగుకు దూరం) సరిపోతుంది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ‘స్వాతంత్ర్యం’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు రెండంతస్తులు కిందికి దిగుతాయి. 50 పాయింట్ల హెడ్డింగ్‌కు 58 నుంచి 62 లీడింగ్‌తో మొదలుపెట్టండి. అప్పటికీ తగిలితే లీడింగ్ జోలికి పోకుండా మాట మార్చండి. పై లైన్‌లో ‘రాష్ట్రస్థాయి’ పడిన చోట సరిగ్గా దాని కింద ‘నీటి’ వస్తుంటే, కింది లైన్‌లో మాటల వరస మార్చితే ఒత్తు కింద గుడిలేని అక్షరం వస్తుంది. కొన్నిసార్లు హెడ్డింగ్ మొత్తాన్ని ఒక అక్షరం పక్కకు జరిపితే చాలు.

మాట పట్టడం లేదని అడ్డంగా నొక్కేయడం ఇంకో దురలవాటు. వెడల్పు 90 శాతం కంటే తగ్గిస్తే గుండ్రటి అక్షరాలు కోలగా సాగి వ, ప, మ తేడా చటుక్కున తెలియదు. పట్టకపోతే హెడ్డింగ్ తిరగరాయాలి.

లైన్ విరిచేటప్పుడు అర్థం విరగకూడదు. ‘ఏరియా ఆసుపత్రిలో మందుల’ అని పైన, ‘కొరత’ అని కింద పెడితే చదివేవాడు ఒక క్షణం తడబడతాడు. ‘ఏరియా ఆసుపత్రిలో’ పైన, ‘మందుల కొరత’ కింద. ఇంకా మంచిది: ‘ఏరియా ఆసుపత్రిలో బీపీ మాత్రల్లేవు’. ‘కలకలం’, ‘హల్‌చల్’, ‘తిప్పలు’ అన్నవి ఏ ఊరికైనా, ఏ రోజుకైనా అతుకుతాయి, అందుకే ఏమీ చెప్పవు. ఏ వార్డు, ఎన్ని రోజులు, ఎంత డబ్బు అన్నది హెడ్డింగ్‌లోకి రావాలి.

ఫాంట్‌ల సంగతీ కొందరు అడిగారు. రెండు కుటుంబాలు దాటొద్దు, హెడ్డింగ్‌కు ఒకటి, బాడీకి ఒకటి. కొనలేనివారికి ఉచితంగా, వ్యాపార వాడకానికి కూడా అనుమతితో దొరికే యూనికోడ్ ఫాంట్‌లు (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించేవి) బోలెడున్నాయి. రామభద్ర బరువైన హెడ్డింగ్‌లకు బాగా నిలుస్తుంది. మండలి, నోటో సెరిఫ్ తెలుగు బాడీకి పరీక్షించి చూడవచ్చు. తెర మీద కాదు, న్యూస్‌ప్రింట్ మీద అచ్చేయించి చూడండి.

ప్రశ్న: అను ఫాంట్‌ల (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్‌లు) నుంచి యూనికోడ్‌కు మారదామని ఇన్‌డిజైన్‌లో పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కే తిరిగి పోదామా? (సిద్దిపేట)

జవాబు: పోవద్దు. పేజ్‌మేకర్ 7.0 తర్వాత కొత్త వెర్షనే రాలేదు. అను అక్షరాలు ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే తెలుగు. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే గీతలూ చుక్కలూ వస్తాయి, వెతికితే దొరకదు, వెబ్‌సైట్‌లో పెట్టాలంటే మార్చుకోవాలి.

మీ సమస్యకు మందు చిన్నది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూ, అందులో జస్టిఫికేషన్, అందులో కంపోజర్ అన్నచోట అడోబ్ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. ఒత్తులు వాటి చోటికి వస్తాయి. దీన్ని ఒక్కో వార్తకు కాకుండా పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే పెట్టి, అన్ని స్టైల్‌లూ దాని మీద ఆధారపడేలా చేయండి. డబ్బు పెట్టలేనివారు స్క్రైబస్ వాడవచ్చు, ఉచితం. 1.4 వెర్షన్ తెలుగును సరిగా చూపించదు, 1.6 చూపిస్తుంది.

మారాక రెండు చిక్కులు ఎదురవుతాయి. ఒకటి, మధ్యలో పొల్లు వచ్చే ఇంగ్లిష్ మాటలు. ‘డాక్‌యార్డ్’ అని కొడితే ‘డాక్యార్డ్’ అయి కూర్చుంటుంది. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కనిపించని గుర్తు) కొట్టాలి. మీ కీబోర్డ్‌లో అది ఏ మీటకు ఉందో ఆపరేటర్లందరికీ చెప్పండి. రెండోది, 4.68 సెం.మీ. కాలమ్‌లో తెలుగు పొడవు మాటల వల్ల లైన్‌లో పెద్ద పెద్ద ఖాళీలు. ‘అంగన్‌వాడీకార్యకర్తలకు’ లాంటి మాటను విరవక తప్పదు. హైఫన్ లేకుండా విరవడం మన పత్రికల్లో ఉన్న అలవాటే. ఇన్‌డిజైన్‌లో టైప్ మెనూలో బ్రేక్ క్యారెక్టర్ కింద డిస్క్రీషనరీ లైన్ బ్రేక్ ఉంది. మాటలో విరగదగిన చోట అది పెడితే అవసరమైనప్పుడే, హైఫన్ లేకుండా విరుగుతుంది. ఒక్క అక్షరాన్ని మాత్రం కింది లైన్‌కు ఒంటరిగా వదలొద్దు, పొల్లు అక్షరంతో లైన్ మొదలవకూడదు. జస్టిఫికేషన్‌లో మాటల మధ్య ఖాళీ కనిష్ఠం 80, గరిష్ఠం 150 శాతంగా ఉంచి, అక్షరాల మధ్య ఖాళీని సున్నాకే వదిలేయండి.

ప్రశ్న: తెర మీద బాగున్న ఫొటో అచ్చులో మసిబారుతోంది. మొహాలు నల్లగా అలికినట్టు వస్తున్నాయి. వాట్సాప్ ఫొటోలు వాడటమే కారణమా? (శ్రీకాకుళం, మహబూబ్‌నగర్)

జవాబు: రెండు వేర్వేరు జబ్బులు కలిసి కనిపిస్తున్నాయి.

మసిబారడానికి కారణం కాగితం. న్యూస్‌ప్రింట్ సాధారణంగా చదరపు మీటరుకు 42 నుంచి 49 గ్రాములు. సిరాను పీల్చి చుక్కను పరుస్తుంది. ఫైల్‌లో సగం ముదురుగా ఉన్న చోట అచ్చులో ముప్పావు వంతు ముదురు వస్తుంది. వార్తాపత్రికల ఐఎస్‌ఓ ప్రమాణం మధ్య రంగుల్లో 26 శాతం పెరుగుదలను లెక్కలోకి తీసుకునే తయారైంది. కాబట్టి ప్రెస్‌ను కలర్ ప్రొఫైల్ (వారి కాగితానికి, సిరాకు తగ్గ రంగుల ఫైల్) అడిగి తీసుకుని, ఆర్‌జీబీ (తెర రంగులు) నుంచి సీఎంవైకేకు (అచ్చులో వాడే నాలుగు సిరాలు) దానితోనే మార్చండి. ఫొటోషాప్‌లో మామూలుగా వచ్చే ప్రొఫైల్ ఆర్ట్ పేపర్‌కు ఉద్దేశించినది, దానితో మారిస్తే నాలుగు సిరాల మొత్తం 300 శాతం దాకా పోతుంది. న్యూస్‌ప్రింట్‌కు 240 దాటకూడదు. దాటితే ఆరక, వెనక పేజీకి అంటుకుంటుంది. ప్రెస్ దగ్గర ప్రొఫైల్ లేకపోతే కర్వ్స్‌లో 50 శాతం దగ్గర పట్టుకుని 40, 42కు తగ్గించి ఒక సంచిక చూడండి. తెర మీద ఫొటో కాస్త వెలిసినట్టు ఉండాలి, అప్పుడే అచ్చులో సరిగ్గా వస్తుంది. చామనఛాయ మొహాలు ఉన్న ఫొటోలకు ఈ సవరణ మరీ ముఖ్యం. మొత్తం ఫొటో కాక మొహాల వరకే ఎంచుకుని కాస్త ఎక్కువ తేల్చవచ్చు.

ఇక వాట్సాప్. మామూలుగా పంపిన ఫొటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెల్స్‌కు కుదించుకుపోతుంది. న్యూస్‌ప్రింట్‌కు అంగుళానికి 200 పిక్సెల్స్ చాలు. మూడు కాలమ్‌ల ఫొటో వెడల్పు 14.84 సెం.మీ., అంటే 1170 పిక్సెల్స్ కావాలి. అడ్డంగా తీసిన ఫొటోకు 1600 సరిపోతుంది. కానీ అందులో సగం కోసి వాడితే 800 మిగిలి, గళ్లు కనిపిస్తాయి. రిపోర్టర్లకు ఒకే నియమం పెట్టండి: ఫొటోను డాక్యుమెంట్‌గా పంపాలి, అడ్డంగా తీయాలి, ఫార్వర్డ్ చేసినది కాకుండా ఫోన్‌లోని అసలుది పంపాలి. ఒకటి కాదు, కనీసం మూడు.

ప్రశ్న: ఎర్ర పట్టీలో తెల్ల అక్షరాల హెడ్డింగ్ పెడుతున్నాం. అక్షరాల అంచున గులాబీ నీడ వస్తోంది, చిన్న ఒత్తులు మూసుకుపోతున్నాయి. ప్రెస్‌వారు ఫైల్ తప్పంటారు. (ఖమ్మం)

జవాబు: ప్రెస్‌వారు కొంతవరకు నిజమే చెబుతున్నారు. ఎరుపు అంటే మెజెంటా, పసుపు రెండు ప్లేట్లు (ఒక్కో సిరాకు ఒక్కో అచ్చు రేకు). వెబ్ ఆఫ్‌సెట్‌లో (చుట్ట కాగితం మీద అచ్చేసే యంత్రం) కాగితం పరుగెడుతుంటే రెండు ప్లేట్లూ వెంట్రుక మందం తేడా లేకుండా ప్రతి కాపీలో కూర్చోవు. ఆ తేడా 48 పాయింట్ల అక్షరంలో కనపడదు, 12 పాయింట్ల ఒత్తులో ఒత్తునే మింగేస్తుంది. రంగు పట్టీలో తెల్ల తెలుగు అక్షరాలు 16 పాయింట్ల బోల్డ్ కంటే చిన్నవి వద్దు. ఉపశీర్షికలు, బైలైన్‌లు (రాసినవారి పేరుండే లైన్లు) తెల్లకాగితం మీద నల్లగానే ఉండాలి.

ఇదే జబ్బు నల్ల అక్షరాలకూ వస్తుంది, అది పూర్తిగా ఫైల్ తప్పే. ఆర్‌జీబీ నలుపును సీఎంవైకేకు మారిస్తే నాలుగు సిరాల నలుపు అవుతుంది. వార్త అక్షరాలన్నీ కె (నలుపు సిరా) 100, మిగతా మూడూ సున్నా ఉండాలి. ఇన్‌డిజైన్‌లో సెపరేషన్స్ ప్రివ్యూ తెరిచి నలుపు ప్లేట్ ఒక్కటీ ఆపేయండి. అక్షరాలన్నీ మాయమవ్వాలి. ఏదైనా మిగిలి కనిపించిందంటే అది వేరే ప్లేట్ల మీద కూడా ఉంది. ప్రకటనదారులు జేపీజీలో పంపే శుభాకాంక్షల ప్రకటనలు ఎక్కువగా ఇక్కడే పట్టుబడతాయి. పీడీఎఫ్ అడగండి.

ప్రశ్న: ఎనిమిది పేజీల టాబ్లాయిడ్‌లో ఒకవైపే రంగు. మూడో పేజీకి రంగు ప్రకటన ఒప్పుకోవచ్చా? (తెనాలి)

జవాబు: కుదరదు. కాగితం ఒక ముఖాన 1, 8, 4, 5 పేజీలు కలిసి అచ్చవుతాయి, మరో ముఖాన 2, 7, 3, 6. మొదటి పేజీకి రంగు తీసుకున్నారంటే ఖర్చు లేకుండా 8, 4, 5కు రంగు వచ్చినట్టే. రంగు ప్రకటనలు ఆ మూడింటికే అమ్మండి.

ప్రశ్న: దొంగ అరెస్టు వార్త పక్కన సర్పంచ్ గారి ఫొటో పడింది. ఊళ్లో పెద్ద గొడవైంది. ఇలాంటివి ముందే పట్టుకునేదెలా? (ఊరి పేరు వద్దన్నారు)

జవాబు: ప్రతి వార్తనూ, దాని ఫొటోనూ కలిపి ఒక దీర్ఘచతురస్రంలో ఉంచండి. వార్త ఎల్ ఆకారంలో తిరిగితే మధ్యలో ఇరుక్కున్న ఫొటో ఎవరిదో చదివేవాడికి తెలియదు. సర్పంచ్ గారి ఫొటో తన వార్త హెడ్డింగ్ కిందే ఉండి, రెండు వార్తల మధ్య సన్నటి గీతో, 0.6 సెం.మీ. ఖాళీయో ఉంటే ఈ గొడవ వచ్చేది కాదు. ఫొటోలో మనిషి చూపు తన వార్త వైపు ఉండాలి. అలా లేదని ఫొటోను తిప్పేయకండి, చొక్కా జేబు, బోర్డు మీది అక్షరాలు తారుమారవుతాయి. చోటు మార్చండి.

రెండు హెడ్డింగులు ఒకే ఎత్తులో, ఒకే సైజులో పక్కపక్కన వస్తే కలిపి ఒకటిగా చదివేస్తారు. ఒకటి కిందికి దించండి, లేదా ఒకదాన్ని బాక్స్‌లో పెట్టండి. పేజీ పూర్తయ్యాక హెడ్డింగులు, ఫొటోలు మాత్రమే చూస్తూ ఎడమ నుంచి కుడికి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి గట్టిగా చదవండి. ప్రకటనలు కూడా కలిపి చదవాలి. బస్సు ప్రమాదం వార్త కింద ట్రావెల్స్ ప్రకటన ఉండటం ఆ ప్రకటనదారుకూ బాగుండదు, చనిపోయినవారి ఇంటివాళ్లకూ బాగుండదు.

దీనికంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో 23, జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ వర్తిస్తాయి. పేరు రాయకపోయినా ఇంటి ఫొటో, బడి పేరు, తండ్రి వృత్తి, వీధి కలిపితే చిన్న ఊళ్లో ఎవరో అందరికీ తెలిసిపోతుంది. మొహం మీద మసక వేసి ఒంటి మీది యూనిఫాం వదిలేయడం రక్షణ కాదు. ఇలాంటి వార్తకు ఫొటోయే వద్దు.

ప్రశ్న: మాస్ట్‌హెడ్‌ను పండగలకు రంగులు మార్చి, దీపాలు పెట్టి వేస్తున్నాం. తప్పా? అందులో ఏమేం ఉండాలి? (కర్నూలు)

జవాబు: రిజిస్టరైన పేరు యథాతథంగా, స్పష్టంగా ఉండాలి. అలంకారం పేరును కప్పేయకూడదు. మా సలహా మాత్రం, మార్చొద్దు. అంగడి దండెం మీద మడిచి వేలాడుతున్న పదిహేను పత్రికల్లో మీదాన్ని దూరం నుంచి పోల్చుకునేది ఆ అక్షరాల ఆకారం చూసే. మాస్ట్‌హెడ్‌ను ఒకసారి వెక్టర్ ఫైల్‌గా గీయించి పెట్టుకోండి. జేపీజీ నుంచి రోజూ అతికిస్తే అంచులు చెదురుతాయి.

కింది గీతలో ఊరు, వారం, తేదీ, సంపుటి, సంచిక, పేజీలు, వెల, రిజిస్ట్రేషన్ నంబరు పెట్టండి. సంపుటి మారేది పత్రిక పుట్టిన తేదీన, జనవరి 1న కాదు. పాత 1867 చట్టం స్థానంలో 2023 నాటి ప్రెస్, పీరియాడికల్స్ రిజిస్ట్రేషన్ చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ముద్రాపకులు, ప్రచురణకర్త, యజమాని, సంపాదకుల వివరాల ఇంప్రింట్‌ను చివరి పేజీ అడుగున స్థిరంగా ఉంచండి, రోజూ టైప్ చేయవద్దు. మూడు సింహాల ముద్ర మాస్ట్‌హెడ్‌లో పెట్టకూడదు. దానికి 2005 నాటి ప్రత్యేక చట్టమే ఉంది.

ప్రశ్న: నాయకుడి పుట్టినరోజుకు మొదటి పేజీ మొత్తం ప్రకటన ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? (హిందూపురం)

జవాబు: డబ్బు అవసరం మాకూ అర్థమవుతుంది. తీసుకుంటే నాలుగు పేజీల జాకెట్‌గా బయట చుట్టి, అసలు మొదటి పేజీని లోపల ఉన్నదున్నట్టు ఉంచండి. ‘ప్రకటన’ అన్న మాట పైన కనిపించేలా వేయండి. వార్తల హెడ్డింగ్ ఫాంట్‌ను ప్రకటనకు ఇవ్వకండి. ఎన్నికలప్పుడైతే పోలింగ్ రోజు, దాని ముందురోజు వచ్చే రాజకీయ ప్రకటనకు ఎంసీఎంసీ (ఎన్నికల్లో మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీ) ముందస్తు ధ్రువీకరణ ఉందో లేదో చూసే ఒప్పుకోండి.

ప్రశ్న: మా పాఠకుల్లో సగం మంది వాట్సాప్‌లో పీడీఎఫ్ చూస్తున్నారు. వారికోసం పేజీ మార్చాలా? (దుబాయ్‌లోని పాఠకుల కోసం పీడీఎఫ్ పంపే నిజామాబాద్ వారపత్రిక)

జవాబు: పేజీ అదే ఉంచండి, ఫైల్ వేరుగా చేయండి. 25 సెం.మీ. పేజీ ఫోన్ తెర మీద 7 సెం.మీ.కు తగ్గుతుంది. 50 పాయింట్ల హెడ్డింగ్ 14 పాయింట్లలా కనిపిస్తుంది, చదవగలరు. బాడీ 3 పాయింట్లు, వేళ్లతో పెద్దది చేయక తప్పదు. అప్పుడు ఒక కాలమ్ తెరకు సరిగ్గా సరిపోవాలి. అందుకే వార్తను రెండు కాలమ్‌ల వెడల్పున పరిచి పెట్టే అలవాటు మానండి, ప్రతి లైన్‌కూ తెరను అటూ ఇటూ జరపాల్సి వస్తుంది. ప్రెస్‌కు పంపే సీఎంవైకే పీడీఎఫ్ ఫోన్లలో రంగులు చచ్చి కనిపిస్తుంది. ఆర్‌జీబీలో, అంగుళానికి 150 పిక్సెల్స్‌తో మరొకటి ఎక్స్‌పోర్ట్ చేసి, ‘మిగతా 2లో’ అన్న దానికి లింక్ పెట్టండి.

ప్రశ్న: ప్రెస్‌కు పంపేముందు చివరిగా ఏం చూడాలి? పది నిమిషాలే ఉంటాయి. (ఏలూరు)

జవాబు: తెర మీద చూడకండి. ఏ3లో నలుపు తెలుపు ప్రింట్ తీసి, పేజీ పెట్టినవారు కాకుండా మరొకరి చేతికి ఇవ్వండి. మొదట తేదీ, వారం, సంచిక సంఖ్య. నిన్నటి ఫైల్ మీద పేజీ పెట్టినప్పుడు ఎక్కువగా మిగిలిపోయేవి ఇవే. తర్వాత హెడ్డింగులు అక్షరం అక్షరం. పెద్ద అక్షరాల్లో తప్పును కళ్లు దాటేస్తాయి, వేలు పెట్టి చదవాలి. క్యాప్షన్‌లో పేర్ల వరస ఫొటోలో ఎడమ నుంచి కుడికి సరిపోయిందా? హెడ్డింగ్‌లో ఉన్న అంకె వార్తలోని అంకె ఒకటేనా? ‘మిగతా 2లో’ అన్న వార్త రెండో పేజీలో నిజంగా ఉందా, తెగిన మాట దగ్గరే మొదలైందా? ప్రకటనలో ఫోన్ నంబర్ పది అంకెలు ఉన్నాయా?

ఆ తర్వాత ఫాంట్‌లు ఎంబెడ్ అయ్యాయో లేదో పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో చూసి, ఫైల్ పేరులో తేదీ, పేజీ నంబరు పెట్టి పంపండి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్త’ అన్న పేర్లతో పంపితే ప్రెస్‌లో రాత్రి డ్యూటీ మనిషి పాతదాన్ని ప్లేట్ చేసేస్తాడు. సరిదిద్దిన ఫైల్ పంపాల్సి వస్తే ఫోన్ చేసి, పాతది తీసేయించి, కొత్తదానిలోని బ్యానర్ హెడ్డింగ్‌ను ఆయనతో పైకి చదివించుకోండి.